మూడు వేళ్ళ సందు

రోహిణికి రోళ్ళు పగులుతాయంటారు.
రోలు సంగతి నాకు తెలీదు,
నా పని వంతెనతో.
వైనతేయ మీద, మూడో స్తంభం దగ్గర,
రెండు పలకల నడుమ సందులో
స్టీలు స్కేలు దించి అంకె చూడ్డం,
నీలం అట్ట పుస్తకంలో రాయడం.

తెల్లారి అయిదుకి అరవై రెండు మిల్లీమీటర్లు.
పగలు మూడుకి నలభై ఒకటి.
నూట ఇరవై మీటర్ల ఒళ్ళు
రోజూ బొటనవేలి వెడల్పంత విరుచుకుని
రాత్రికి మళ్ళీ ముడుచుకుంటుంది.
పైన పోయే బస్సుకీ తెలీదు,
కింద పోయే నావకీ తెలీదు.

సంకు సత్తెమ్మకి మాత్రం తెలుసు.
ఓడలరేవు నుంచి మెత్తళ్ళ తట్టలు
మూడు చక్రాల బండి మీద తొక్కుకొస్తుంది.
"పొద్దున్న దడాల్‌మంటాది బాబూ,
మజ్జానం టిక్కుమని ఊరుకుంటాది.
నీ స్కేలెందుకు, నా చక్రం చెప్తాది."
ఆ మాట రిమార్కుల గడిలో రాశాను.
ఇంజనీరు హైమావతిగారు కొట్టెయ్యలేదు.

కింద ఉక్కు, పైన కాంక్రీటు.
పెళ్ళితో పోల్చకురా, అనేవాడు
స్టడ్లు వెల్డు చేసిన కొల్లాటి ధర్మారాజు.
పెళ్ళిలో ఒకళ్ళైనా అలిగి పుట్టింటికి పోతారు,
వీటికి పుట్టిల్లు లేదు.
ఉక్కుది గడ్డిమంట.
ఏడింటి ఎండ తూర్పు గిర్డరు చెంప తాకితే
ఎనిమిదికి చెయ్యి పెట్టనివ్వదు.
కాంక్రీటుది ఊకపొయ్యి,
మధ్యాహ్నం దాకా రాజుకోదు,
రాజుకున్నాక అర్ధరాత్రయినా ఆరదు.
మృగశిర తొలిజల్లుకి
పది నిమిషాల్లో ఉక్కు వణికి ముడుచుకుంటే
పైనున్నది ఇంకా ఆవిరి కక్కుతూనే ఉంటుంది.
ఇది సాగుదామంటే అది ఆగమంటుంది.
ఆ తగువంతా మోసేవి
ఎవరికీ కనిపించని గుండుతల స్టడ్లు,
జానెడు కూడా లేనివి, వేలకు వేలు,
కాంక్రీటులో తలదాకా మునిగి.

ఆ రోజు మూడైంది.
స్కేలు నలభై తొమ్మిది దగ్గర నిలిచిపోయింది.
మూడున్నర. నలభై తొమ్మిదే.
తారుకి చెప్పులు అంటుకుంటున్నాయి,
థర్మామీటరు యాభై ఎనిమిది అంటోంది,
వంతెన మాత్రం కదలదు.
అటు చివర గోడ మీద
వెంట్రుకంత బీట. నిన్న లేదు.

రబ్బరు పట్టీ చిరిగిన చోట
బోర్లా పడుకుని చూశాను.
కొబ్బరి లారీలు రాల్చిన పీచు,
ఇసుక, రొయ్యల మేత సంచి ముక్క,
ఒక నీలం గాజు, అరిగిన రూపాయి,
ఎండి రాయైన బురద.
ఇంతే.
వెయ్యి టన్నుల దారికి అడ్డం పడింది.

చువ్వతో పొడిచాను, కొక్కెంతో లాగాను.
సత్తెమ్మ బండి ఆపి
చేపలు కోసే కత్తి అందించింది,
తర్వాత తనే వంగింది.
ఇద్దరం మోకాళ్ళ మీద,
వెనక లారీలు హారన్లు కొడుతుంటే
అరచేతులు బొబ్బలెక్కేదాకా.
నాలుగూ అయిదుకి
కింద బేరింగు దగ్గర
ముసలాయనెవరో లేవబోతే కీళ్ళు విరిగినట్టు
ఒకే ఒక్క చప్పుడు.
స్కేలు చూశాను. నలభై మూడు.
"వదిలింది," అంది సత్తెమ్మ,
కత్తి చీరకి తుడుచుకుంటూ.

సాయంత్రం హైమావతిగారొచ్చి
బీట రెండు చివర్లా సుద్దతో గీసి
పక్కన తేదీ వేశారు. ఏమీ అనలేదు.

ఆ సందు కాంక్రీటుతో మూసెయ్యమని
అప్పుడప్పుడూ అర్జీలొస్తాయి,
బండి ఎగురుతోందని, నడుం పట్టేస్తోందని.
జవాబు రాసేవాణ్ణి నేను కాను.
అయితే ఒక్క ముక్క రాసేవాణ్ణి:
ఆ ఖాళీ కూడా కట్టిందేనండీ,
కొలిచి కట్టింది.

రాత్రి మా రేకుల ఇల్లు
టిక్కు టిక్కుమంటూ చల్లారుతోంది.
పిల్లనుకుని మా ఆవిడ కర్ర తీసింది.
పిల్లి కాదే, అన్నాను,
పగలు సాగినదంతా సర్దుకుంటోంది.
నమ్మలేదు.
కర్ర పక్కనే పెట్టుకుని పడుకుంది.